కార్మిక చట్టాల్లో ప్రభుత్వ న్యాయవాది: అర్హతలు, నియామక మార్గాలు, పరిమితులు

సివిల్ కోర్టులో వకాలత్ దాఖలు చేసిన న్యాయవాదిని ‘మీరు హాజరు కావడానికి ఎదుటి పక్షం ఒప్పుకుందా’ అని ఎవరూ అడగరు. పారిశ్రామిక ట్రైబ్యునల్‌లో అడుగుతారు. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 36వ సెక్షన్ ప్రకారం లేబర్ కోర్టులోనైనా, ట్రైబ్యునల్‌లోనైనా న్యాయవాది వాదించాలంటే ఎదుటి పక్షం సమ్మతి, న్యాయస్థానం అనుమతి రెండూ ఉండాలి. కార్మిక శాఖ అధికారి జరిపే రాజీ చర్చలకైతే న్యాయవాదికి ప్రవేశమే లేదు. ఆ చట్టం స్థానంలో వచ్చిన 2020 పారిశ్రామిక సంబంధాల కోడ్ కూడా ఈ ఆంక్షను కొనసాగించింది.

ప్రభుత్వం తరఫున కార్మిక, ఉద్యోగ వివాదాలు వాదించాలనుకునే న్యాయ పట్టభద్రుడు ముందుగా తెలుసుకోవలసిన విషయం ఇదే. ఈ రంగంలో డిగ్రీ, అనుభవం, పరీక్ష అన్నీ అవసరమే. అయితే అతడు ప్రభుత్వానికి ఏ హోదాలో పనిచేస్తున్నాడన్నది వాటితో సమానమైన ప్రశ్న. కేసుకింత అని ఫీజు తీసుకునే ప్యానెల్ న్యాయవాదా, గౌరవ వేతనంపై నియమితుడైన గవర్నమెంట్ ప్లీడరా, నెల జీతం తీసుకునే పూర్తికాలపు న్యాయాధికారా అన్నదాన్ని బట్టి ఏ న్యాయస్థానంలో నిలబడవచ్చో, ఆ ఏళ్లు రేపు న్యాయవాద వృత్తి అనుభవంగా లెక్కకు వస్తాయో రావో తేలుతుంది.

పారాదీప్ తీర్పు చెప్పింది

ఈ విషయంలో నేటికీ ఆధారంగా నిలిచే తీర్పు 1976లో సుప్రీంకోర్టు పారాదీప్ పోర్ట్ ట్రస్ట్ కేసులో ఇచ్చినది. ఒడిశాలోని ఆ ఓడరేవు యాజమాన్యం ట్రైబ్యునల్ ముందు ఒక అడ్వకేట్‌ను తన ప్రతినిధిగా నిలిపింది. కార్మికుల పక్షం అభ్యంతరం చెప్పింది. ట్రైబ్యునల్ ఆ అభ్యంతరాన్ని ఆమోదించగా, యాజమాన్యం సుప్రీంకోర్టుకు వెళ్లి ఓడిపోయింది. న్యాయవాదిగా హాజరు కావాలంటే సమ్మతి, అనుమతి తప్పవని, పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చినంత మాత్రాన ఆ షరతు తొలగిపోదని కోర్టు తేల్చింది.

అదే తీర్పులో మరో మాట ఉంది. సంస్థ జీతంపై, సంస్థ అదుపులో పూర్తికాలం పనిచేస్తూ, ప్రాక్టీసు చేయని అధికారికి న్యాయశాస్త్ర పట్టా ఉన్నంత మాత్రాన అడ్డంకి లేదని, ఒకప్పుడు న్యాయవాదిగా పనిచేసి ఉన్నా ఫర్వాలేదని కోర్టు చెప్పింది. అంటే ప్రాక్టీసు వదులుకున్నవాడికి తెరుచుకున్న తలుపు ప్రాక్టీసు చేస్తున్నవాడికి మూసి ఉంటుంది. కార్మిక చట్టాల్లో ప్రభుత్వ న్యాయవాద వృత్తికి ఉన్న విచిత్రం ఇదే.

ఆంక్ష వెనుక ఉద్దేశం తెలిసిందే. ఖరీదైన న్యాయవాదిని పెట్టుకోగల యజమాని ముందు కార్మికుడు చిన్నబోకూడదని, వివాదం సాంకేతిక వాదనల్లో చిక్కుకోకుండా త్వరగా తేలాలని శాసనకర్తలు భావించారు. డబ్లిన్‌లో న్యాయవిద్య అభ్యసించి కార్మికోద్యమ నాయకుడైన వి.వి.గిరి కూడా కోర్టు తీర్పుల కన్నా ఉభయ పక్షాలు కూర్చుని చేసుకునే ఒప్పందాలకే మొగ్గు చూపారు. కేంద్ర కార్మిక మంత్రిగా ఉండి, బ్యాంకు ఉద్యోగుల వివాదంలో ట్రైబ్యునల్ తీర్పును ప్రభుత్వం మార్చినప్పుడు 1954లో పదవికి రాజీనామా చేశారు. ఆచరణలో మాత్రం చాలాచోట్ల ఇరుపక్షాలూ న్యాయవాదులను పెట్టుకోవడం, పరస్పరం సమ్మతి తెలుపుకోవడం మామూలైపోయింది. అయినా సమ్మతి నిరాకరించే హక్కు కార్మికుడికి ఇప్పటికీ ఉంది. కొన్ని సంఘాలు దాన్ని వాడుకుంటాయి కూడా.

మొదటి మెట్టు

ప్రాథమిక అర్హత అందరికీ ఒక్కటే. ఇంటర్మీడియట్ తరువాత ఐదేళ్ల సమీకృత కోర్సు గానీ, డిగ్రీ తరువాత మూడేళ్ల ఎల్ఎల్‌బీ గానీ బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తించిన కళాశాలలో పూర్తి చేయాలి. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు క్లాట్, రాష్ట్రాల కళాశాలలకు లాసెట్ ప్రవేశ ద్వారాలు. కార్మిక, పారిశ్రామిక చట్టాలు బార్ కౌన్సిల్ 2008 నిబంధనల ప్రకారం తప్పనిసరి పాఠ్యాంశాలు కనుక ప్రతి న్యాయ పట్టభద్రుడూ వాటిని ఎంతో కొంత చదివే ఉంటాడు. ఇదే ప్రత్యేకాంశంగా ఎల్ఎల్‌ఎం చేయడం మేలు చేస్తుంది గానీ ప్రభుత్వ న్యాయవాది నియామకానికి అది షరతు కాదు.

పట్టా తరువాత 1961 అడ్వకేట్ల చట్టం 24వ సెక్షన్ కింద రాష్ట్ర బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. చట్టబద్ధమైన నమోదు రుసుము 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125 రూపాయలు. వివిధ పేర్లతో వేల రూపాయలు వసూలు చేస్తున్న బార్ కౌన్సిళ్లకు అంతకుమించి తీసుకునే అధికారం లేదని 2024 జులై 30న సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆపై అఖిల భారత బార్ పరీక్షలో ఉత్తీర్ణులు కావాలి. ఈ పరీక్ష చెల్లుతుందని 2023 ఫిబ్రవరిలో రాజ్యాంగ ధర్మాసనం తీర్పు ఇచ్చింది. 100 ప్రశ్నల ఆ పరీక్షలో కార్మిక చట్టాలకు కేటాయించినవి నాలుగే. ఈ రంగానికి కావలసిన చదువు ఆ పరీక్షతో పూర్తి కాదని చెప్పడానికి ఆ అంకె చాలు.

గవర్నమెంట్ ప్లీడర్ దారి

రెండు తెలుగు రాష్ట్రాల హైకోర్టుల్లో ప్రభుత్వ పనిని శాఖలవారీగా పంచుతారు. కార్మిక శాఖకు సంబంధించిన రిట్ పిటిషన్లను లేబర్ గవర్నమెంట్ ప్లీడర్ చూస్తారు. ప్రభుత్వోద్యోగుల నియామకాలు, పదోన్నతులు, క్రమశిక్షణ చర్యల వ్యాజ్యాలు సర్వీసెస్ గవర్నమెంట్ ప్లీడర్ల పరిధిలోకి వస్తాయి. వీరి కింద సహాయ ప్లీడర్లు ఉంటారు. అందరికీ పైన రాజ్యాంగం 165వ అధికరణ కింద గవర్నర్ నియమించే అడ్వకేట్ జనరల్ ఉంటారు.

ఈ రెండింటిలో సర్వీసెస్ పని పరిమాణంలో చాలా పెద్దది. ఉమ్మడి రాష్ట్రంలో ఉద్యోగుల వివాదాలు పరిపాలన ట్రైబ్యునల్‌కు వెళ్లేవి. తెలంగాణలోనూ, ఆ తరువాత ఆంధ్రప్రదేశ్‌లోనూ అది రద్దు కావడంతో ఆ భారమంతా హైకోర్టులపై పడింది. కేంద్ర ప్రభుత్వోద్యోగుల వివాదాలు మాత్రం 1985 చట్టం కింద ఏర్పడిన కేంద్ర పరిపాలన ట్రైబ్యునల్ హైదరాబాద్ ధర్మాసనం ముందుకే వెళ్తాయి. అక్కడ కేంద్రం తరఫున స్టాండింగ్ కౌన్సెళ్లు వాదిస్తారు. వారి ప్యానెల్‌ను కేంద్ర న్యాయ మంత్రిత్వ శాఖ ఎంపిక చేస్తుంది.

రాష్ట్ర నియామకాలకు ఆధారం 2000 డిసెంబరులో జీవో 187 ద్వారా వెలువడిన న్యాయాధికారుల నియామక సూచనలు. విభజన తరువాత కూడా ఉభయ రాష్ట్రాల ఉత్తర్వుల్లో వాటి ప్రస్తావన కనిపిస్తుంది. వాటి ప్రకారం పదవీకాలం మూడేళ్లు. నెల రోజుల నోటీసుతో గానీ, నెల గౌరవ వేతనం చెల్లించి గానీ ప్రభుత్వం మధ్యలోనే తప్పించవచ్చు. ఇందుకు పోటీ పరీక్ష లేదు. ప్రభుత్వం మారినప్పుడు ప్లీడర్లు మారడం రివాజు. ఈ కొలువు కోరుకునేవారు దీన్ని ముందే లెక్కలోకి తీసుకోవాలి.

అలాగని ప్రభుత్వం ఇష్టానికి హద్దు లేదని కాదు. ఉత్తరప్రదేశ్‌లో జిల్లా ప్రభుత్వ న్యాయవాదులందరినీ ఒక్క కలం పోటుతో తొలగించడాన్ని శ్రీలేఖా విద్యార్థి కేసులో 1990లో సుప్రీంకోర్టు ఏకపక్ష చర్యగా కొట్టివేసింది. 2004లో జోహ్రీ మాల్ కేసులో ఇది సివిల్ ఉద్యోగం కాదని, పునర్నియామకం హక్కుగా కోరలేరని చెప్పి పగ్గాలు కొంత సడలించింది. 2016లో బ్రిజేశ్వర్ సింగ్ చాహల్ కేసులో మళ్లీ ఎంపిక నిష్పక్షపాతంగా, పారదర్శకంగా, ప్రతిభ ఆధారంగా ఉండాలని పంజాబ్, హర్యానా ప్రభుత్వాలకు నిర్దేశించింది. మూడింటినీ కలిపి చదివితే తేలేది ఒక్కటే: ఎంపిక సక్రమంగా జరగాలని అడిగే హక్కు అభ్యర్థికి ఉంది, పదవిలో కొనసాగించమనే హక్కు లేదు.

హైకోర్టులో 36వ సెక్షన్ ఆంక్ష వర్తించదు. కార్మిక శాఖ తరఫు ప్లీడరు అక్కడ స్వేచ్ఛగా వాదిస్తారు. కనీస వేతనాల నోటిఫికేషన్‌ను యజమానుల సంఘాలు సవాలు చేసినప్పుడు, కార్మిక సంఘం నమోదుపై వివాదం వచ్చినప్పుడు, లేబర్ కోర్టు తీర్పుపై రిట్ పడినప్పుడు ఆయన పని మొదలవుతుంది. ప్రైవేటు యాజమాన్యానికీ కార్మికుడికీ మధ్య నడిచే కేసుల్లో ప్రభుత్వం చాలాసార్లు పేరుకు మాత్రమే ప్రతివాది.

జీతం తీసుకుంటే ప్రాక్టీసు ఏమవుతుంది

బార్ కౌన్సిల్ నిబంధన 49 ప్రకారం ప్రాక్టీసు చేస్తున్న అడ్వకేట్ ఎవరి వద్దా పూర్తికాలపు జీతపు ఉద్యోగిగా ఉండరాదు. ఉద్యోగంలో చేరితే ఆ విషయం బార్ కౌన్సిల్‌కు తెలియజేసి ప్రాక్టీసు నిలిపివేయాలి. హిమాచల్ ప్రదేశ్ విద్యుత్ బోర్డులో న్యాయాధికారిగా చేరిన సతీశ్ కుమార్ శర్మ అడ్వకేట్ నమోదు ఈ నిబంధన వల్లే రద్దయింది. 2001లో సుప్రీంకోర్టు ఆ రద్దును సమర్థించింది. ఆయన విధుల్లో కోర్టు వాదన ప్రధానం కాదన్నది కారణం.

2013లో దీపక్ అగర్వాల్ కేసులో ఇదే సూత్రానికి రెండో ముఖం కనిపించింది. పబ్లిక్ ప్రాసిక్యూటర్ల వంటివారు జీతం తీసుకుంటున్నా, వారి పనే ప్రభుత్వం తరఫున కోర్టులో వాదించడం కనుక అడ్వకేట్లుగానే పరిగణన పొందుతారని, జిల్లా జడ్జి పదవికి రాజ్యాంగం 233వ అధికరణ కోరే ఏడేళ్ల అనుభవంలో ఆ కాలాన్ని లెక్కించాలని సుప్రీంకోర్టు చెప్పింది. ఉద్యోగం పేరు కాదు, చేసే పని గీటురాయి.

న్యాయవ్యవస్థలోకి వెళ్లాలనుకునే యువ న్యాయవాదికి ఈ తేడా జీవితాన్ని మలుపు తిప్పేంతటిది. 2025 మే 20న సుప్రీంకోర్టు జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు కూడా మూడేళ్ల ప్రాక్టీసు షరతును పునరుద్ధరించింది. ప్రభుత్వ రంగ సంస్థలో లా ఆఫీసర్‌గా చేరి ఫైళ్లపై అభిప్రాయాలు రాస్తూ గడిపిన ఏళ్లు ట్రైబ్యునల్‌లో ప్రతినిధిగా నిలబడే వీలును ఇస్తాయి. అవే ఏళ్లు జడ్జి పదవికి కావలసిన అనుభవంలో చేరకపోవచ్చు. నియామక పత్రంలో విధుల వివరణను, ముఖ్యంగా కోర్టు హాజరు గురించిన వాక్యాన్ని సంతకానికి ముందే చదవడం అవసరం.

నల్లకోటు లేని న్యాయ ఉద్యోగాలు

కార్మిక చట్టంతో పనిచేయాలని ఉండి, వాదన కన్నా నిర్ణయం వైపు మొగ్గే వారికి వేరే కొలువులు ఉన్నాయి. వీటిలో చాలావాటికి న్యాయ పట్టా షరతు కాదు, ఉంటే లాభం. తెలంగాణలో సహాయ కార్మిక కమిషనర్ గ్రూప్-1 ద్వారా భర్తీ అయ్యే పోస్టు. సహాయ కార్మిక అధికారి పోస్టు రెండు రాష్ట్రాల్లోనూ గ్రూప్-2 పరిధిలోకి వస్తుంది. కార్మిక శాఖ అధికారులు వేతన బకాయిలు, గ్రాట్యుటీ, పనిలో ప్రమాదానికి నష్టపరిహారం వంటి క్లెయిములను విచారించి ఉత్తర్వులు ఇస్తారు. పేద కార్మికుడు చాలాసార్లు జీవితంలో చూసే ఏకైక న్యాయపీఠం ఈ అధికారి బల్లే.

ఉద్యోగుల భవిష్యనిధి సంస్థలో ఎన్‌ఫోర్స్‌మెంట్ అధికారులను, సహాయ కమిషనర్లను యూపీఎస్సీ ఎంపిక చేస్తుంది. పారిశ్రామిక సంబంధాలు, కార్మిక చట్టాలు, సామాజిక భద్రత ఆ పరీక్ష పాఠ్యాంశాల్లో ఉంటాయి. యజమాని జమ చేయని పీఎఫ్ ఎంతో తేల్చే విచారణాధికారం కమిషనర్లది. ఆ ఉత్తర్వుపై అప్పీలు 2017 నుంచి కేంద్ర ప్రభుత్వ పారిశ్రామిక ట్రైబ్యునల్‌కే వెళ్తోంది. అక్కడ సంస్థ తరఫున వాదించేది ప్యానెల్ న్యాయవాదులు.

ఏమి చదవాలి

ఈ రంగంలో ప్రవేశించేవారు రెండు చట్ట వ్యవస్థలను ఏకకాలంలో మోయవలసిన పరిస్థితి ఇప్పుడుంది. 29 కేంద్ర చట్టాలను కలిపి రూపొందించిన నాలుగు కార్మిక కోడ్‌లు 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చాయి. కోర్టుల్లో ఏళ్ల తరబడి నడుస్తున్న కేసులు మాత్రం పాత చట్టాల సెక్షన్లతోనే రాసి ఉన్నాయి. తేడాలు చిన్నవిగా కనిపించినా ఫలితాన్ని తారుమారు చేస్తాయి. ఉద్యోగం నుంచి తొలగించిన కార్మికుడు నేరుగా ట్రైబ్యునల్‌ను ఆశ్రయించడానికి పాత చట్టంలో మూడేళ్ల గడువు ఉండగా కొత్త కోడ్‌లో రెండేళ్లే. పర్యవేక్షక ఉద్యోగిని కార్మికుడిగా పరిగణించే వేతన పరిమితి నెలకు 10,000 రూపాయల నుంచి 18,000కు పెరిగింది. తొలగింపునకు ప్రభుత్వ అనుమతి తప్పనిసరయ్యే కార్మికుల సంఖ్య 100 నుంచి 300కు మారింది. ట్రైబ్యునల్ కూర్పు కూడా మారి, న్యాయ సభ్యుడితో పాటు పరిపాలన సభ్యుడికి చోటు వచ్చింది.

తొలగింపునకు గురైన కార్మికుడు ప్రభుత్వ రెఫరెన్సు కోసం వేచి చూడకుండా నేరుగా లేబర్ కోర్టుకు వెళ్లే వీలు దేశమంతటికీ 2010లో వచ్చింది. ఆంధ్రప్రదేశ్ 1987లోనే రాష్ట్ర సవరణతో ఆ వీలు కల్పించింది. పాత తీర్పులు చదివేటప్పుడు ఈ తేడా మనసులో ఉంచుకోకపోతే ఇతర రాష్ట్రాల తీర్పులు ఇక్కడి కేసుకు అతకవు.

ఏ కేసులోనైనా మొదటి ప్రశ్న ఎదుటి వ్యక్తి ఎవరన్నది. చట్టం దృష్టిలో అతడు కార్మికుడా, ప్రభుత్వోద్యోగా? సముచిత ప్రభుత్వం కేంద్రమా, రాష్ట్రమా? బొగ్గు గని కార్మికుడి వివాదంలో అది కేంద్రం. ఆర్టీసీ డ్రైవరు విషయంలో జవాబు మరింత చిక్కుగా ఉంటుంది. ఆంధ్రప్రదేశ్‌లో ఆర్టీసీ ఉద్యోగులు 2020 జనవరి 1 నుంచి ప్రజా రవాణా శాఖ పరిధిలో ప్రభుత్వోద్యోగులయ్యారు. ఆ తేదీకి ముందు తొలగింపునకు గురైన కండక్టరు కేసును, తరువాత తొలగింపునకు గురైన కండక్టరు కేసును ఒకే మూసలో వాదించడం కుదరదు. తెలంగాణలో విలీన చట్టం 2023లో వచ్చింది. ఒకే బస్టాండులో రెండు రాష్ట్రాల బస్సులు పక్కపక్కనే నిలిచినా వాటిని నడిపేవారి న్యాయపథాలు ఒకటి కావు.

రెండో పెద్ద అధ్యాయం తాత్కాలిక ఉద్యోగుల క్రమబద్ధీకరణ. సర్వీసెస్ ప్లీడరు బల్లపై అత్యధికంగా కనిపించే ఫైలు ఇదే. తెలుగు రాష్ట్రాల్లో దీనికి మూలం 1994 నాటి చట్టం 2, అదే ఏడాది ఏప్రిల్ 22న వెలువడిన జీవో 212. 1993 నవంబరు 25 నాటికి ఐదేళ్ల నిరంతర సేవ పూర్తి చేసినవారికి ఆ జీవో అవకాశమిచ్చింది. 2006లో ఉమాదేవి కేసులో రాజ్యాంగ ధర్మాసనం దొడ్డిదారి నియామకాలకు క్రమబద్ధీకరణ హక్కు లేదని ప్రకటించి, మంజూరైన పోస్టుల్లో పదేళ్లకు పైగా పనిచేసినవారికి ఒక్కసారి మినహాయింపు ఇచ్చింది. ప్రభుత్వాల కౌంటర్ అఫిడవిట్లు దాదాపు రెండు దశాబ్దాలుగా ఉమాదేవి పేరు జపిస్తూనే ఉన్నాయి. 2024 డిసెంబరులో జగ్గో కేసులో సుప్రీంకోర్టు ఆ జపాన్ని తప్పుపట్టింది. నిత్యం అవసరమయ్యే పనిని ఏళ్ల తరబడి తాత్కాలికుల చేత చేయించుకుని, ఆపై ఉమాదేవి తీర్పును కవచంగా వాడుకోవడం సరికాదని చెప్పింది. పాత నమూనాలో కౌంటరు దాఖలు చేసే ప్లీడరుకు ఇప్పుడు ధర్మాసనం నుంచి ఇబ్బందికరమైన ప్రశ్నలే ఎదురవుతాయి.

మస్టర్ రోల్ ఎక్కడ?

తీర్పుల పరిజ్ఞానం ఎంత ఉన్నా ఈ కేసుల్లో గెలుపోటములు తరచుగా రికార్డు దగ్గరే తేలతాయి. ఏడాదిలో 240 రోజులు పనిచేశానని నిరూపించే బాధ్యత కార్మికుడిదేనని 2002లో హదిమని కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మూడేళ్లకు యెల్లట్టి కేసులో అదే కోర్టు మరో కోణం చూపింది. దినసరి కూలీ చేతిలో నియామక పత్రం గానీ, జీతపు చీటీ గానీ ఉండవు. అతడు ప్రమాణం చేసి వాంగ్మూలమిచ్చి, మస్టర్ రోళ్లు తెప్పించమని కోరిన తరువాత వాటిని శాఖ దాచిపెడితే, కేసు వాస్తవాలను బట్టి న్యాయస్థానం ఆ శాఖకు వ్యతిరేకంగా ఊహించుకోవచ్చు.

అందువల్ల ప్రభుత్వ న్యాయవాది తొలి పని శాఖ నుంచి మస్టర్ రోళ్లు, వేతన రిజిస్టర్లు, నియామక ఉత్తర్వులు తెప్పించుకోవడం. ఇది చెప్పినంత సులువు కాదు. డివిజన్ కార్యాలయం సబ్‌డివిజన్‌ను చూపుతుంది, సబ్‌డివిజన్ బదిలీ అయిన ఇంజినీరును చూపుతుంది. ఈలోగా వాయిదాలు గడిచిపోతాయి. రికార్డు శాఖ చెప్పినదానికి విరుద్ధంగా ఉంటే ఆ మాట శాఖకు లిఖితపూర్వకంగా చెప్పి, పోరాడదగని కేసులో అప్పీలు వద్దని అభిప్రాయం రాయడం కూడా ఈ పదవి విధుల్లోదే. అలా రాసిన అభిప్రాయాన్ని శాఖ పక్కన పెట్టి అప్పీలు వేయమంటే వేయవలసిందే. కోర్టు ముందు మాత్రం లేని రికార్డును ఉన్నదని చెప్పే స్వేచ్ఛ ఏ ప్లీడరుకూ లేదు.

దరఖాస్తు సమయంలో ఎంపికదారులు అడిగేవి బార్ కౌన్సిల్ నమోదు పత్రం, బార్ పరీక్ష ధ్రువపత్రం, ప్రాక్టీసు కాలానికి రుజువు, వాదించిన కేసుల జాబితా. తన పేరు నమోదైన తీర్పుల ప్రతులను ప్రాక్టీసు తొలి రోజుల నుంచే భద్రపరచుకున్నవారికి ఆ జాబితా తయారుచేయడం ఒక సాయంత్రం పని. సీనియర్ వకాలత్ కింద పేరు లేకుండా పనిచేసినవారికి ఐదేళ్ల శ్రమకు కాగితం దొరకదు. కనీసం లేబర్ కోర్టు కేసుల్లోనైనా వకాలత్‌లో తన పేరు చేర్పించుకోవడం జూనియర్ మొదటి ఏడాదే పట్టుబట్టి చేయవలసిన పని.